‘గుండా’ చూసి నవ్వేవారు

కాంతీ షా దర్శకత్వంలో 1998లో వచ్చిన హిందీ నేరచిత్రం ‘గుండా’కు విద్యార్థిలోకంలో వున్న కీర్తి విచిత్రమైనది. తీసినవారి దృష్టిలో అది గంభీరమైన ప్రతీకారగాథ. చూసేవారు మాత్రం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుతారు. 2000 తరువాత ఇంటర్నెట్టు ద్వారా ఇంజనీరింగు కళాశాలల హాస్టళ్ళలో ప్రవేశించి, సంభాషణలన్నీ కంఠస్థం చేసే భక్తబృందాన్ని సంపాదించుకున్నది. ఈ నవ్వు ఎటువంటిదో కాస్త పరిశీలించవలసి వున్నది.

నవ్వు పుట్టటంలో వింత లేదు. రసాభాస హాస్యానికి దారితీస్తుందని అభినవగుప్తుడు ఏనాడో చెప్పాడు. ఇందులో రౌద్రం, కరుణం, భయానకం అన్నీ ఆభాసలే. దుర్మార్గులు తెరమీదికి వస్తూనే తమ పేర్లకు అంత్యప్రాసలు కుదిర్చి తమ్ము తాము పరిచయం చేసుకుంటారు. బెదిరింపుకు ప్రాస, శవం ముందు శోకానికీ ప్రాసే! వీధి భాగవతంలో పాత్రప్రవేశపు దరువు ఇంతకన్న సహజంగా వుంటుంది. చివరి పోరాటంలో ఆటోరిక్షాల దండు మీదికి వస్తే, కథానాయకుడు రాకెట్ లాంచర్ ఎత్తుకుంటాడు. ఒక కూలీ చేతికి అది ఎట్లా వచ్చిందని రచయితా అడగడు, మనమూ అడగం.

కాని వీరెవరూ నటన చేతకానివారు కారు. కథానాయకుడు మిథున్ చక్రవర్తి, మృణాల్ సేన్ తీసిన ‘మృగయా’ (1976)లో గిరిజన వేటగాడుగా నటించి, మొదటి చిత్రంతోనే జాతీయ ఉత్తమ నటుడైనవాడు. దుర్మార్గులలో ఒకడైన కాలా శెట్టి, ‘అంకుశం’లో మనవారిని హడలగొట్టిన రామిరెడ్డే. తక్కువ పెట్టుబడి, కొద్ది రోజుల షూటింగు, చిన్న పట్టణాల చౌక టిక్కెట్టు - 1990లలో మిథున్ ఊటీలో మకాం పెట్టి నటించిన చిత్రాలు చాలావరకు ఈ లెక్కమీద తయారైనవే. మనం నవ్వుతున్న అతుకులు ఆ లెక్క వేసినవి.

ఆ చౌక టిక్కెట్టు కొన్నది శ్రమజీవి. పోలీసూ రాజకీయనాయకుడూ గూండాల మనుషులేనని, కూలీవానికి న్యాయం ఎవరూ చేయరని చిత్రం చెబితే అతనికి అందులో అబద్ధం కనబడలేదు. హాస్టలు నవ్వులో ఒక పాలు చిత్రం మీద. మరొక పాలు, దీన్ని నిజమని నమ్మిన మూర్ఖుడుగా ఊహించుకున్న ఆ ప్రేక్షకుడి మీద. నేలక్లాసులో కూర్చున్నవాడు ఆ ప్రాసలు విని ముందుగా తానే నవ్వుకోలేదని ఎవరు చెప్పారు?

నాకు నవ్వు రానిది మరొకచోట. గూండా నాయకుడి చెల్లెలూ, కథానాయకుడి చెల్లెలూ ఇద్దరూ మానభంగానికి గురై హత్య అవుతారు. ఆ చావులు మగవాళ్ళ మధ్య బాకీలు, అంతే. ఖరీదైన చిత్రాలూ ఇదే వ్యాపారం చేస్తాయి. చక్కని ఛాయాగ్రహణంతో, వయొలిన్లతో చేస్తాయి గనుక మనం కన్నీళ్ళు పెట్టుకుని బయటికి వస్తాం, బహుమతులు కూడా ఇస్తాం. ‘గుండా’కు వయొలిన్ల ముసుగు వేసుకునే స్తోమత లేదు. అస్థిపంజరం కనబడుతూనే వుంటుంది. చూడదలచినవారికి ఈ చిత్రం ఇచ్చే పాఠ్యపుస్తకం అదే. కాని హాస్టలులో ఆ దృశ్యాలు కూడా ప్రాసల సందడిలోనే కొట్టుకుపోతున్నాయి. దుర్మార్గులందరి పేర్లూ ప్రాసలతో సహా అప్పజెప్పే ఆ కుర్రవాళ్ళను, చచ్చిపోయిన చెల్లెళ్ళ పేర్లు అడిగితే ఎందరు చెప్పగలరో!