మెచ్చుకోలులో దాగిన ‘అయినా’

తిట్టును గుర్తుపట్టడం తేలిక. ‘అడవి మనిషి’ అన్నవాడికి అక్కడికక్కడే జవాబు చెప్పవచ్చు. మెచ్చుకోలులో దాగిన చులకనను పట్టుకోవడమే కష్టం. ‘గిరిజన పిల్ల అయినా ఎంత బాగా చదువుతోందో!’ అని ఒక ఉపాధ్యాయుడు సంతోషంగానే అంటాడు. ఆయనకు మన మీద ద్వేషం లేదు. కానీ గిరిజన పిల్లకు చదువు రాదనే తీర్పు ఆ ‘అయినా’లో ముందే ఉంది. ‘డాక్టరు గారి కొడుకు అయినా బాగా చదువుతున్నాడు’ అని ఎవరైనా అంటారా?

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఇలాంటి విజయాలకు రెండు ‘అయినా’లు తగిలిస్తారు: ‘తండా పిల్ల అయినా’, ‘ఆడపిల్ల అయినా’. దాంతో అదొక అద్భుతంలా కనిపిస్తుంది. ఆమె చదివిన సంక్షేమ గురుకులం, భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో పొందిన శిక్షణ వెనక్కి పోతాయి. అద్భుతమని చేతులు దులుపుకుంటే, మిగతా పిల్లలకు అలాంటి శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. మనకు నష్టం అక్కడే.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోనూ ఇదే చూపు ఉంది. అది కల్పిత కథేనని ముందే చెప్పారు, నిజమే. కానీ కల్పనకు ఎంచుకున్న దారిని ప్రశ్నించవచ్చు. చివర్లో ఏం కావాలని రామరాజు అడిగితే, భీం చదువు కావాలంటాడు. ‘జల్ జంగల్ జమీన్’ అని రామరాజు రాసిస్తాడు. ఆ నినాదాన్ని మనం భీం పేరుతోనే తలచుకుంటాం. ఊరు విడిచి చాందా, అసోం తిరిగిన రోజుల్లో ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. అలాంటి మనిషిని అక్షరం అడిగేవాడిగా చూపించినా, హాల్లో చాలామందికి అది సహజంగానే తోచింది. ఆ సహజమే మా అభ్యంతరం.

బడిలోనూ ఇంతే. ఆగస్టు 9న మన ఆడపిల్లలను థింసాకు నిలబెడతారు. థింసా మన గౌరవం, ఆడాల్సిందే. మరి సైన్స్ ప్రదర్శనకు పేర్లు రాసేటప్పుడు ఆ పిల్లలే ఎందుకు గుర్తుకు రారు? మన గూడేల్లోనూ దూరపు కాలేజీ మాట వస్తే ముందు కొడుకు పేరే వినిపిస్తుంది. ఆ తూకమూ మారాలి.

ఉపాధ్యాయ మిత్రులను మేము కోరేది చిన్న పని. మెచ్చుకునే ముందు ఆ ‘అయినా’ తీసేసి చూడండి. ‘ఈ పిల్ల బాగా చదువుతోంది.’ వాక్యం నిండుగానే ఉంది. ఇక అడగాల్సింది ఒకటే: ఆ పిల్ల తరువాత ఏం చదవాలి, అందుకు బడి ఏం చేయాలి?