సిద్ధాంతానికి పొలం గట్టు పరీక్ష

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. రైతుల కమతాలన్నీ కలిపి ఉమ్మడిగా సాగు చెయ్యాలి, హక్కు రైతు పేరనే ఉంటుంది, రాబడిలో భూమికి కొంత వాటా, శ్రమకు కొంత వాటా. భావి భారత వ్యవసాయానికి ఇదే నమూనా అన్నారు. అప్పటికి తెనాలి లోక్‌సభ సభ్యులుగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా దీన్ని ఒప్పుకోలేదు. నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆయన, ఎన్నో ఏళ్లు పనిచేసిన కాంగ్రెస్‌ను వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టి దానికి అధ్యక్షులయ్యారు.

భూమిగలవారి భయమే ఈ వాదమని చాలామంది కొట్టిపారేశారు. అందులో భూమిగలవారి ప్రయోజనం ఉన్నమాట నిజమే. దానితోపాటు సంప్రదాయవాదమని పిలిచే, రెండు శతాబ్దాల వయసున్న ఒక ఆలోచనా సంప్రదాయం కూడా ఉంది. కాగితం మీద కుదిరిన సిద్ధాంతాన్ని రాజ్యానికీ చట్టానికీ యథాతథంగా తగిలించబోయేవారిని ఆపి ప్రశ్నించడం దాని పని. ఆ ప్రశ్నల పదును తెలియడానికి కృష్ణా డెల్టా చరిత్ర చాలు.

ఈ సంప్రదాయానికి ఆద్యుడనదగిన ఎడ్మండ్ బర్క్ 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ పుస్తకం రాశాడు. అంతకు అయిదేళ్ల ముందు, 1785లో, ఆర్కాటు నవాబు అప్పుల మీద బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ ఆ రాజ్యంలోని చెరువుల ప్రస్తావన తెచ్చాడు. ఆనాటి ఆర్కాటు రాజ్యంలో మన నెల్లూరు సీమ కూడా ఉంది. పుట్టబోయేవారిని తలుచుకుని పూర్వపు పాలకులు తవ్వించిన జలాశయాలకు, అప్పులిచ్చిన ఈస్టిండియా కంపెనీ మనుషుల ఆశ వల్ల దిక్కులేకుండా పోయిందని ఆయన ఆవేదన. గట్టు ఎక్కడ తెగుతుందో, తూము ఎప్పుడు ఎత్తాలో తరతరాలుగా తెలిసినవాళ్లు ఉంటేనే చెరువు నిలుస్తుంది. రాజ్యవ్యవస్థ కూడా అలాంటి పోగుపడిన తెలివి మీదే నడుస్తుందని ఆయన నమ్మకం.

ఉన్నదేమిటో ముందు చూడు

ఈ సంప్రదాయం నేర్పే మొదటి పద్ధతి, ఉండవలసినదాన్ని ఊహించే ముందు ఉన్నదాన్ని పరిశీలించడం. బెంగాల్లో 1793లో కారన్‌వాలిస్ పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి కృష్ణా తీరం ఉన్న ఉత్తర సర్కారులకు కూడా తెచ్చారు. శిస్తు ఎన్నటికీ పెరగదని హామీ ఇస్తే జమీందారు ఇంగ్లండు భూస్వామిలాగా పెట్టుబడి పెడతాడు, చెరువులూ కాలువలూ బాగుచేస్తాడు, రైతూ సుఖపడతాడు అనేది లెక్క. జమీందారులు లేని హవేలీ భూముల్లో సైతం ముఠాలు, అంటే చిన్న ఎస్టేట్లు, కట్టి, వేలం వేసి, జమీందారులను కొత్తగా పుట్టించారు.

లెక్క తప్పింది. ఎన్నో ముఠాలు శిస్తు బకాయిపడి సర్కారుకే తిరిగి వచ్చాయి. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1840లు గడిచేసరికి వాసిరెడ్డి వారి ఎస్టేటుతో సహా ఆ సీమ జమీందారీలు సర్కారు చేతికి వచ్చాయి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికి డబ్బు పెట్టింది సర్కారు ఖజానా. సిద్ధాంతం ఊహించిన జమీందారు ఆ పని చెయ్యలేదు.

శాశ్వత శిస్తు వచ్చిన ఆ కాలంలోనే థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో కలెక్టరుగా పనిచేశాడు. డేరాలు వేసుకుని ఊరూరా తిరిగాడు. కరణాల లెక్కలు చూశాడు, రైతుల మాట విన్నాడు, పొలాలను తరాల వారీగా కొలిపించాడు. ఇక్కడ సాగు భారం మోసేది రైతే కాబట్టి రైతుతోనే నేరుగా ఒప్పందం ఉండాలని తేల్చాడు. తాను వేసిన శిస్తే బరువుగా ఉందని గ్రహించి నాలుగో వంతు తగ్గించమని 1807లో సిఫారసు చేశాడు. 1816లో ఆయన ప్రేరణతో వచ్చిన చట్టాలు చిన్న దావాలను తీర్చే అధికారం గ్రామ మునసబులకు ఇచ్చాయి. మన్రో పాలకుడే, వసూళ్ల కోసం వచ్చినవాడే. అయినా కళ్లతో చూసినదాన్ని బట్టి అభిప్రాయం మార్చుకోగల గుణం ఆయనకు ఉంది.

తప్పితే నష్టం ఎవరిది?

రెండో పద్ధతి, సిద్ధాంతం బెడిసికొడితే భారం ఎవరిమీద పడుతుందని అడగడం. ఉమ్మడి సాగు మీద రంగా పోరాటానికి ప్రాణం ఈ ప్రశ్నే. పెద్ద కమతమైతే ఖర్చు తగ్గి దిగుబడి పెరుగుతుందన్నది ప్రణాళికా రచయితల తర్కం. డెల్టాలో కాలువ మొదటి చేను వేరు, శివారు చేను వేరు. నీళ్లు ఎన్నాళ్లు ఆలస్యమవుతాయో, నారు ఎప్పుడు పోయాలో, మురుగు ఎక్కడ నిలుస్తుందో ఆ చేను చేసేవాడికి తెలుసు. అర్ధరాత్రి గండి పడితే పరుగెత్తేది పంట తనదనుకున్నవాడే. తీర్మానం తప్పైతే దాన్ని రాసినవారు మరో తీర్మానం రాసుకుంటారు. రైతు ఇంట్లో మాత్రం ఆ ఏడు గింజలు ఉండవు.

ఉమ్మడి సాగు దేశంలో వేళ్లూనుకోలేదు. తిండిగింజల కొరత తీరే దారి మరోవైపు నుంచి వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాను 1960ల మొదట్లో సాంద్ర వ్యవసాయ పథకానికి ఎంపిక చేశారు. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్-8 వరిని 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు తన పొలంలో వేసి, పండించి చూపించారు. విత్తనం శాస్త్రవేత్తలది, ఎరువూ నీరూ సర్కారు సాయం, తీర్పు మాత్రం చేలో రైతుది. సంప్రదాయవాదం అంటే కొత్తదాన్ని కాదనడమనే అపోహకు ఇదే జవాబు. ఒక చేలో వేసి చూసి, బాగుంటే పక్క చేనుకు తీసుకెళ్లవచ్చు. గిట్టకపోతే మరుసటి ఏడు మానెయ్యవచ్చు. దేశం మొత్తాన్ని ఒక్క తీర్మానంతో మారిస్తే వెనక్కి రావడానికి దారి ఉండదు.

హక్కు సరే, తలుపు ఎక్కడ?

చట్టంలో ఈ సంప్రదాయం మరింత నిశితంగా పనిచేస్తుంది. 1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ రైత్వారీ భూములను సైతం ఎస్టేటు నిర్వచనంలోకి తెచ్చింది, 44 రాష్ట్ర చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చింది. స్వతంత్ర పార్టీ దాన్ని ఎదిరించింది. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు.

ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి. ప్రాథమిక హక్కులు సహజ హక్కులకు నేటి పేరని, అవి పార్లమెంటుకు అందనంత ఎత్తున ఉన్నాయని చెప్పిన భాగం కూడా ఒక నైరూప్య సిద్ధాంతమే. బర్క్ ఉంటే దాన్నీ ప్రశ్నించేవాడు. రెండో భాగం, తీర్పు ఇకముందుకే వర్తిస్తుందనడం. అప్పటికే చేతులు మారిన భూములను, స్థిరపడిన కుటుంబాలను కదపకుండా పాత సవరణలను అలాగే ఉంచారు. సూత్రం కోసం ఊళ్లను తలకిందులు చెయ్యకూడదన్న వివేకం అది. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టి మౌలిక స్వరూప సూత్రాన్ని తెచ్చింది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. ముందుకే వర్తించే తీర్పు అనే పద్ధతి మాత్రం మన న్యాయశాస్త్రంలో ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్ భూ హక్కు చట్టం ఇటీవలి ఉదాహరణ. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతి దానికి మూలం. ఒక్క రిజిస్టరు, వివాదం లేని హక్కు అనే లక్ష్యం మంచిదే. భూతగాదాల్లో నలిగిన కుటుంబాలు మన జిల్లాల్లో కోకొల్లలు. అయితే సివిల్ కోర్టుల తలుపు మూసి హక్కుదారును అధికారుల ముందు నిలబెట్టడాన్ని నిరసిస్తూ న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2023లో అమల్లోకి వచ్చిన ఆ చట్టాన్ని 2024లో శాసనసభ రద్దు చేసింది. పొరపాటు జరిగితే సామాన్యుడు ఎవరి గుమ్మం తొక్కాలన్న ప్రశ్నకు నమ్మకమైన జవాబు లేని చట్టాన్ని జనం నమ్మరు.

ఊరికీ అదే పరీక్ష

ఈ సంప్రదాయానికి పెద్ద బలహీనత ఒకటి ఉంది. ఉన్నదాన్ని గౌరవించమన్నప్పుడు ఉన్న అన్యాయం కూడా ఆ నీడన చేరుతుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని తీవ్రంగా విమర్శించారు. రంగా ఆ మాటలకు అభ్యంతరం చెప్పారు. స్వయంపాలనలో గ్రామానికున్న అనుభవాన్ని రంగా చూశారు, ఆ గ్రామంలో వెలివాడ ఎక్కడుందో అంబేడ్కర్ చూశారు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులపై జరిగిన దాడులను చూసిన మనం అంబేడ్కర్ హెచ్చరికను మరవకూడదు. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగ 17వ అధికరణం ఏ ఊరి ఆచారం నుంచీ పుట్టలేదు. అది ఆచారానికి ఎదురు నిలిచిన సూత్రం, నిలవవలసిన సూత్రం.

తప్పితే నష్టం ఎవరిదన్న ప్రశ్నను నిజాయితీగా అడిగేవాడు దాన్ని ఆచారానికీ వేయాలి. పట్టాదారు తెలివిని లెక్కలోకి తీసుకున్నవాడు కౌలురైతు తెలివిని, కూలి తల్లి తెలివిని కూడా లెక్కించాలి. సంస్కర్తను మాత్రమే నిలదీసి ఊరిపెద్దను వదిలేసే సంప్రదాయవాదం తన సూత్రానికే ద్రోహం చేస్తుంది.

ఈ ప్రశ్నలు నేడు ప్రతి పార్టీకీ, ప్రతి సచివాలయానికీ అవసరం. మీ ఊరికి కొత్త పథకమో చట్టమో వచ్చినప్పుడు, అది ఏ రంగు జెండా కింద వచ్చినా, నాలుగు మాటలు అడగండి. ఇక్కడ ఇప్పుడున్నది చూశారా? తప్పితే ఎవరు నష్టపోతారు? నష్టపోయినవారు ఎవరిని అడగాలి? వెనక్కి తీసుకునే దారి ఉందా? జవాబు రాకుండా చేతులెత్తకండి. జవాబు సరిగా ఉంటే, పాత అలవాటు ఎంత ముద్దైనా వదులుకోండి.