ఫిట్, అన్‌ఫిట్: గల్ఫ్ వీసా చూసేది ఎవరి ఆరోగ్యం?

జగిత్యాల దిక్కు మా ఊరి నుంచి వచ్చి బేగంబజార్‌లో మిర్చి బస్తాలు, పసుపు బస్తాలు మోసే మా చిన్నాయిన 2019ల దుబాయ్ పోదామని మెడికల్‌కు పోయిండు. ఎన్నడో క్షయ వస్తే సర్కారు దవాఖాన మందులు ఆర్నెల్లు మింగి నయం చేసుకున్నడు. ఎక్స్‌రేల పాత మచ్చ కనబడ్డది. కాయితం మీద ఒక్కటే మాట: అన్‌ఫిట్. "రోగం లేదు కదరా, మచ్చతోని వాళ్లకేం పని?" అని నన్నడిగిండు. మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటోణ్ణి, నాకు తెలుస్తదనుకున్నడు. అప్పుడు చెప్పలేకపోయాను.

గల్ఫ్ వలస మీద తెలుగులో కథలు, పాటలు, పత్రికా కథనాలు చాలా వచ్చాయి. వాటిలో దోషి దాదాపు ఎప్పుడూ ఏజెంటే. ఏజెంటు మోసాన్ని నేను కాదనను. కానీ అంతా చట్టప్రకారం జరిగినచోట కూడా మనిషి ఒళ్లు ఎందుకు గుల్లవుతోంది? ఏజెంటును తిట్టి ఊరుకునే విమర్శ పిలిచే రాజ్యాన్నీ, పంపే రాజ్యాన్నీ బోనెక్కించకుండా వదిలేస్తోంది.

ముందు పిలిచే రాజ్యం సంగతి. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఇక్కడే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి, హెచ్.ఐ.వి., హెపటైటిస్ పరీక్షలు చేయించుకోవాలి. ఇది వైద్యం కాదు, ఏరివేత. పోయినంక ఇకామా కఫీల్ చేతిలో ఉంటుంది. సౌదీలో యజమానే ఆరోగ్య బీమా చేయించాలనే చట్టం 1999లోనే వచ్చింది. కానీ ఆ బీమా ఉద్యోగానికి, ఇకామాకు ముడిపడి ఉంది. జీతమియ్యని కఫీల్ దగ్గర్నుంచి బయటపడితే మనిషి ఖల్లివెల్లి కావచ్చు. ఇగ జ్వరమొచ్చినా దవాఖానకు పోవాలంటే పట్టుకుంటరేమోనని భయం. యు.ఏ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నపు ఎండలో బయటి పని నిషేధం. కాయితాల్లేనోడు ఆ నిషేధాన్ని చూపించి ఎవరిని అడుగుతడు?

పంపే రాజ్యం తక్కువదేం కాదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసుకాని వాళ్ల పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు. గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. చిన్నాయినది ఆ పాస్‌పోర్టే, నాది కాదు. రక్షణ కోసమే ఈ ఏర్పాటు అంటారు. మరి ఆ పదో తరగతి గీతకు ఇవతల మిగిలిందెవరు? మాల మాదిగ వాడలూ అందులో ఉన్నాయి కదా! వీళ్ల కోసం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన వచ్చింది. ఇప్పుడు ప్రమాదంలో చనిపోతే 10 లక్షలిస్తుంది. రోజంతా ఎండలో పనిచేసి, క్యాంపులో నిద్రలోనే గుండె ఆగితే ఆ 10 లక్షలు రావు. అది 'సహజ' మరణమట! విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినోనికి ఆ బీమా కూడా దిక్కులేదు. కొందరు పనిచేసి చచ్చిపోవడం సహజమే అనే ఆలోచన మనకు కొత్తది కాదు. మ్యాన్‌హోల్‌లో దిగినవాళ్ల చావులను ఈ సమాజం చూసేదీ ఆ కంటితోనే. ఈ కులపు చూపును వలస విమర్శ గుర్తించాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. మంచిదే. కానీ అది శవపేటిక వచ్చినంక సంగతి. మనం అడగాల్సింది బతికున్నప్పటి హక్కు. అన్‌ఫిట్ అన్నవాణ్ణి వైద్యానికి పంపే బాధ్యత ఉండాలి. సహజ మరణం బీమాలోకి రావాలి. ఇకామా పోయినవాడికీ అక్కడ దవాఖాన తలుపు తెరవాలని మన ప్రభుత్వం ఒప్పందాల్లో పట్టుబట్టాలి. తిరిగొచ్చినవాళ్ల ఒంటికి పరీక్ష, చికిత్స ఇక్కడ ఉచితంగా జరగాలి.

చిన్నాయిన ఇప్పటికీ బేగంబజార్‌లోనే బస్తాలు మోస్తున్నడు. గల్ఫ్‌కు పనికిరానోడు ఇక్కడి మోతకు పనికొచ్చిండు. అక్కడికి పోవాలంటే పరీక్ష ఉంది, వైద్యం లేదు. ఇక్కడ ఘాటు మధ్య పనిచేసేటోని ఛాతీ ఎట్లున్నదో ఏ సేటూ అడగలేదు. ఆయన ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు ఇదే: వాళ్లు చూసింది నీ ఆరోగ్యాన్ని కాదు, నీ మోత బలాన్ని. దళిత బహుజన మిత్రులు ఈ విషయాన్ని చర్చకు తీసుకోవాలి.