ఏ కూర్పు చూశారు?

చాంగ్ చెహ్ దర్శకత్వంలో షా బ్రదర్స్ సంస్థ 1977లో తీసిన ‘చైనాటౌన్ కిడ్’ గురించి ఇద్దరు అభిమానులు వాదించుకోవాలంటే ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఇద్దరూ చూసింది ఒకే సినిమానా? ఆ సినిమాకు ఒక కూర్పు దాదాపు 115 నిమిషాలుంటుంది, ఇంకొకటి 90 నిమిషాలే. తగ్గింది నిడివి ఒక్కటే కాదు, ముగింపు కూడా వేరు. అలెగ్జాండర్ ఫు షెంగ్ వేసిన ఆ కుర్రాడి బతుకు చివరికి ఏమైంది, దర్శకుడు అతనికి ఏ తీర్పు ఇచ్చాడు అన్నది మీ చేతికందిన డిస్కును బట్టి మారిపోతుంది. పాత హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల అభిమానులు కలిసినప్పుడు మాటల్లో సగం ఇలాంటి సంగతులతోనే గడిచిపోతుంది. ఏ దేశంలో వచ్చిన డిస్కు, ఎన్ని నిమిషాలు, ఫ్రేము పూర్తిగా ఉందా, శబ్దం పాతదేనా, ఏ సంభాషణ ఎగిరిపోయింది? వినేవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. సినిమా గురించి మాట్లాడమంటే డబ్బా గురించి మాట్లాడుతున్నారని విసుక్కుంటారు. నేను అలా అనుకోను. ఏ సినిమాకైనా కూర్పు తెలియడం అవసరమే. కుంగ్‌ఫూ సినిమాకు అది మరీ అవసరం. ఎందుకంటే ఆ సినిమాల్లో ఉన్న విద్యంతా ఫ్రేము వెడల్పులో, కదలిక వేగంలో, దెబ్బ చప్పుడులో ఉంది. వీడియో కంపెనీలు మొదట చెయ్యి పెట్టింది కూడా సరిగ్గా ఆ మూడింటి మీదే.

వెడల్పు సంగతి చూద్దాం. లౌ కార్-లెంగ్ 1978లో తీసిన ‘36వ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ ఈ తరహా సినిమాల్లో తలమానికం. ఆయన సినిమా కోసం కరాటే క్లాసుకు వెళ్లి వచ్చినవాడు కాదు. పేరుమోసిన కుంగ్‌ఫూ గురువు వాంగ్ ఫెయ్-హంగ్ శిష్యుడు లామ్ సాయ్-వింగ్, లామ్ శిష్యుడు లౌ కార్-లెంగ్ తండ్రి. హంగ్ గార్ అనే కుంగ్‌ఫూ విద్య ఆయనకు ఇంట్లోనే అబ్బింది. అందుకే ఆయన పోరాట దృశ్యాల్లో ఎత్తుకు పైఎత్తు ఉంటుంది. ఒకడు ఏ భంగిమలోకి వెళ్లాడు, ఎదుటివాడు దాన్ని ఏ అడుగుతో విప్పాడు అన్నది ప్రేక్షకుడు ఒకే చూపులో పట్టుకునేలా ఇద్దరినీ తల నుంచి పాదం దాకా ఒకే షాట్‌లో నిలబెడతాడు. ఇదంతా షాస్కోప్ ఫ్రేములో, అంటే ఎత్తుకు రెండుంపావు రెట్ల పైచిలుకు వెడల్పున్న 2.35 నిష్పత్తిలో తీసింది. పాత టీవీ తెర నిష్పత్తి 1.33. ఆ తెర నిండేలా బొమ్మను కోస్తే నూటికి 43 వంతులు పోతుంది. వీహెచ్ఎస్ రోజుల్లో జరిగింది అదే. కర్ర ఎత్తినవాడు కనిపిస్తాడు, కాచుకున్నవాడు కనిపించడు. ఇద్దరినీ చూపించాలనుకున్నప్పుడు వీడియో తయారుచేసే మనిషి బొమ్మను ఆ కొస నుంచి ఈ కొసకు జరుపుతాడు, లేదా మధ్యలో తెంపి రెండు షాట్లు చేస్తాడు. దర్శకుడు పెట్టని కెమెరా కదలిక, ఎడిటర్ పెట్టని కోత సినిమాలోకి వచ్చి చేరతాయి. ఎత్తూ పైఎత్తూ కనిపించకపోతే మిగిలేది చేతులు ఊపడం, అరవడం. ఈ సినిమాలంటే అంతేనన్న చులకన భావం చాలాకాలం నిలవడంలో ఈ కోతకు పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

వేగం విషయం ఇంకా సున్నితం. హాంకాంగ్ పోరాట దృశ్యాల లయ గురించి అమెరికన్ సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ‘ప్లానెట్ హాంకాంగ్’ అనే పుస్తకంలో వివరంగా రాశాడు. ఒక క్షణం నిశ్చలత, వెంటనే కదలికల వెల్లువ, మళ్లీ నిశ్చలత. ఆ ఆగడమే ముందరి కదలికకు పదును పెడుతుంది. ఈ లయను సాధించడానికి అక్కడి కెమెరామెన్ చాలాసార్లు సెకనుకు 24 ఫ్రేములకు బదులు కాస్త తక్కువ వేగంతో చిత్రీకరించేవాళ్లు. ప్రదర్శనలో కదలిక కొద్దిగా వేగం పుంజుకునేది. ఎంత తగ్గించాలి అన్నది ఫైట్ మాస్టర్ అనుభవం మీద ఆధారపడిన లెక్క. ఒక్క ఫ్రేము ఎక్కువైతే బిగువు పోతుంది, తక్కువైతే మనుషులు బొమ్మల్లా గెంతుతారు. ఇప్పుడు ఆ సినిమాను యూరప్‌లోని పాల్ పద్ధతి వీడియోకు మార్చారనుకోండి. 24 ఫ్రేములు 25 అవుతాయి. సినిమా మొత్తం నూటికి నాలుగు వంతులు వేగం పెరుగుతుంది, 100 నిమిషాలది 96కు వస్తుంది, గొంతులు సన్నబడతాయి. కుటుంబ కథాచిత్రంలో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఒక్కో ఫ్రేము లెక్కచూసి కూర్చిన పోరాటంలో నాలుగు వంతులు తక్కువేమీ కాదు. ఆ పాల్ మాస్టర్‌ను మళ్లీ అమెరికన్ పద్ధతికి మార్చినప్పుడు రెండు ఫ్రేములు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వేగంగా తిరిగే చెయ్యి వెనుక దాని నీడ లాంటిది ఈడ్చుకుంటూ కనిపిస్తుంది. అభిమానులు డిస్కును ఆపి ఫ్రేము తర్వాత ఫ్రేము జరిపి చూసేది ఇందుకే. వాళ్లు వెతికేది ఆ చెయ్యి అసలు ఎక్కడుందో.

ఇక శబ్దం. షా బ్రదర్స్ 1980ల మధ్యలో సినిమాలు తీయడం దాదాపు ఆపేశాక, ఆ నిధి చాలా ఏళ్లు అధికారికమైన వీడియోగా రాలేదు. అరిగిపోయిన కాపీల నుంచి తీసిన కాపీలే చేతులు మారాయి. 2000లో సెలెస్టియల్ పిక్చర్స్ సుమారు 760 సినిమాల హక్కులు కొని, వాటిని శుభ్రం చేయించి, 2002 చివరి నుంచి హాంకాంగ్‌లో డీవీడీలుగా విడుదల చేయించింది. పూర్తి వెడల్పు, కళ్లు చెదిరే రంగులు. ఆ పని జరగకపోతే వాటిలో చాలా సినిమాలు ఈరోజు మనకు పేర్లుగానే మిగిలేవి. ఈ మేలు ముందుగా ఒప్పుకోవాలి. కానీ అనేక డిస్కుల్లో పాత మోనో ట్రాక్ తీసేసి, 5.1 సరౌండ్ శబ్దం పేరుతో కొత్త చప్పుళ్లు కలిపారు. గుడ్డ విదిలింపు, పిడిగుద్దు, కత్తి రాపిడి అన్నీ 21వ శతాబ్దపు స్టూడియోవి. అభిమానులు మండిపడ్డారు. నా దృష్టిలో అది న్యాయమైన కోపం. కుంగ్‌ఫూ సినిమాలో దెబ్బ చప్పుడు తాళం లాంటిది. నటుడి చెయ్యి ఎదుటివాడికి నిజంగా తగలదు, తగిలిందని నమ్మించేది చెవే. ఆ చప్పుడును పోరాటం కూర్చినవాళ్ల కాలంలో, వాళ్ల లయకు సరిపడేలా పెట్టారు. పాతికేళ్ల తర్వాత ఇంకెవరో తమ లయలో పెడితే నాట్యం ఒకరిదీ, తాళం ఇంకొకరిదీ అవుతుంది. 2021 చివర్లో ఆరో వీడియో అనే సంస్థ ‘షాస్కోప్’ డిస్కుల మొదటి సంపుటాన్ని పన్నెండు సినిమాలతో తెచ్చినప్పుడు మోనో ట్రాక్‌లకు పెద్దపీట వేసింది. ‘చైనాటౌన్ కిడ్’ రెండు కూర్పులూ అందులో ఇచ్చింది. అన్ని ఏళ్లుగా ఓపిగ్గా పోల్చి, గొణిగి, జాబితాలు రాసుకున్నవాళ్లు లేకపోతే కంపెనీలకు ఏది పోయిందో తెలిసేదే కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అసలు శబ్దం అంటూ ఒకటుందా? ఆ కాలపు హాంకాంగ్ సినిమాలు దాదాపు అన్నీ మాటలు రికార్డు చేయకుండా తీసి, తర్వాత స్టూడియోలో గొంతులు కలిపినవే. తెరమీద మాట్లాడేది కాంటనీస్ నటుడు, వినిపించేది ఎవరిదో మాండరిన్ గొంతు. 1970ల మొదట్లో మాండరిన్‌దే రాజ్యం. 1973లో చోర్ యువెన్ తీసిన ‘ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ ఘన విజయంతో కాంటనీస్ మళ్లీ తలెత్తింది. హాంకాంగ్‌లో చేసిన సినిమాల్లో బ్రూస్ లీ గొంతు కూడా చాలావరకు అతనిది కాదు. 1971 నాటి ‘ద బిగ్ బాస్’నే తీసుకోండి. మొదటి మాండరిన్ కూర్పుకు వాంగ్ ఫు-లింగ్ సంగీతం. విదేశీ కూర్పుకు జర్మన్ సంగీత దర్శకుడు పీటర్ థామస్ వేరే బాణీలు కట్టాడు. 1983 కాంటనీస్ కూర్పులో జోసెఫ్ కూ సంగీతం వచ్చింది. మూడింటినీ జనం థియేటర్లలో చూశారు. మరి వీటిలో అసలుది ఏదని పట్టుబడతాం? ప్రశ్న సరైనదే. కానీ దీని నుంచి ఏ కూర్పయినా ఒకటేనన్న తీర్మానం రాదు. సరిగ్గా దానికి వ్యతిరేకమైనదే వస్తుంది. వేమన స్వహస్తంతో రాసిన ప్రతి ఏదీ మనకు లేదు. అందుకని సి.పి.బ్రౌన్ ఏదో ఒక ప్రతి చాలునని ఊరుకోలేదు, దొరికిన తాళపత్రాలన్నీ తెప్పించి పండితులను కూర్చోబెట్టి పాఠాంతరాలు పోల్పించాడు. మూలం ఒకటే ఉండి అందుబాటులో ఉంటే పోల్చవలసిన పనే లేదు. మూలాలు మూడున్న చోటే ఏది ఎవరి కోసం, ఎప్పుడు, ఎవరి చేతుల్లో తయారైందో రాసిపెట్టేవాడు కావాలి. ‘బిగ్ బాస్’ పాత మాండరిన్ కూర్పు ఇన్నేళ్ల తర్వాత 2023 నాటి ఆరో వీడియో పెట్టెలో వెలుగుచూసింది. అలాంటిదొకటి ఉండాలని పట్టుబట్టి అడుగుతూ వచ్చింది అభిమానులే.

రెండో అభ్యంతరం పాత వీడియోల మీద ప్రేమ ఉన్నవాళ్ల నుంచి వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. 1980ల మొదట్లో వరల్డ్ నార్తల్ సంస్థ ఇంగ్లీషు డబ్బింగ్‌తో ఈ సినిమాలను అమెరికా టీవీకి అమ్మింది. ‘బ్లాక్ బెల్ట్ థియేటర్’ అనే పేరుతో అవి ఊరూరా ప్రసారమయ్యాయి. కోసిన ఫ్రేము, అతకని పెదవులు. అయినా ఆ ఇంగ్లీషు గొంతులు విని పెరిగిన నల్లజాతి కుర్రాళ్లు న్యూయార్క్‌లో వు-టాంగ్ క్లాన్ అనే బృందం కట్టి, 1993 నాటి తమ తొలి ఆల్బమ్ పేరులోనే 36 ఛాంబర్లను నిలుపుకున్నారు, ‘షావొలిన్ అండ్ వు టాంగ్’ సినిమా డబ్బింగ్ మాటలను పాటల మధ్యలో వాడారు. ఆ కూర్పును తప్పుడు ప్రతి అని పారేస్తే ఒక సంగీత చరిత్ర మూలమే పోతుంది. నిజం. కాబట్టి దాన్నీ దాచాలి, దాని పేరుతో దాన్ని దాచాలి. నేను అభ్యంతరపెట్టేది ఒక కూర్పు వచ్చి ఇంకోదాన్ని తుడిచేయడాన్ని. 1993 నాటి ‘ఐరన్ మంకీ’ 2001లో అమెరికాకు వెళ్లినప్పుడు సంగీతం మార్చేశారు. బాల వాంగ్ ఫెయ్-హంగ్ కథలో, చైనా ప్రేక్షకులు అతని పేరు వినగానే గుర్తుచేసుకునే ఆ బాణీనే తీసేశారు. 1994 నాటి ‘డ్రంకెన్ మాస్టర్ 2’ది ఇంకా పెద్ద గాయం. తాగితేనే విద్య విప్పారే కొడుకు, తాగొద్దనే తండ్రి, ఇదీ ఆ సినిమాలోని ఘర్షణ. చివరి పోరాటంలో కొడుకు పరిశ్రమల్లో వాడే ఆల్కహాల్ తాగి గెలుస్తాడు. అందుకు అతను చెల్లించిన మూల్యాన్ని చూపే చిట్టచివరి దృశ్యం అమెరికా కూర్పులో లేదు. ఆ దృశ్యంలోని హాస్యం మొరటుగా ఉందని, అంగవైకల్యాన్ని నవ్వులాటకు వాడుకుందని విమర్శించవచ్చు, నేనూ విమర్శిస్తాను. కానీ అది లేకపోతే తండ్రి మాటకు సినిమా ఇచ్చిన జవాబే లేకుండా పోతుంది. విమర్శించడానికైనా ఆ దృశ్యం ఉండాలి కదా. బ్రిటన్‌లో జేమ్స్ ఫెర్మన్ సెన్సార్ బోర్డు కార్యదర్శిగా ఉన్నకాలంలో నాన్‌చాకు అనే ఆయుధం కనిపిస్తే చాలు కత్తిరించారు. ఆయన 1999లో తప్పుకున్నాకే బ్రూస్ లీ ఆ ఆయుధం తిప్పడం అక్కడి వీడియోల్లోకి తిరిగొచ్చింది. ఒక తరం బ్రిటిష్ ప్రేక్షకులు ‘ఎంటర్ ద డ్రాగన్’ చూశామనుకుంటూనే దాని గుండెకాయ లాంటి నిమిషాలను చూడలేదు.

అభిమానుల వాదనలన్నీ ఒకే బరువున్నవి కావు. రంగుల మీద జరిగేవి చాలావరకు తేలవు. ఈమధ్య పునరుద్ధరణల్లో పసుపు ఎక్కువైందనీ, నీలం ఆకుపచ్చకు తిరిగిందనీ అనేవాళ్లు దేనితో పోల్చి అంటున్నారు? వెలిసిపోయిన ప్రింటుతోనో, పాత డీవీడీతోనో, చిన్ననాటి జ్ఞాపకంతోనో. నెగెటివ్ చూసి రంగు నిర్ణయించిన కెమెరామన్ మాట దొరికితే తప్ప అక్కడ నమ్మకంగా చెప్పగలిగింది తక్కువ. నిడివి, ఫ్రేము, ట్రాక్ అలా కావు. వాటిని కొలవవచ్చు, పక్కపక్కన పెట్టి నిరూపించవచ్చు. అభిమానుల మాటకు బలం ఇచ్చేది ఈ కొలతే. ఇదంతా ఖరీదైన వ్యవహారమన్న మాట కూడా వినిపిస్తుంది. నెగెటివ్‌ను కొత్తగా స్కాన్ చేయించడం ఖరీదైనదే. కానీ పాత మోనో ట్రాక్ చేతిలో ఉన్నప్పుడు దాన్ని కొత్త 5.1 పక్కన పెట్టడానికి బ్లూరేలో పట్టే చోటు చాలా తక్కువ.

మనకూ ఈ ప్రశ్న దూరంగా లేదు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి మళ్లీ థియేటర్లకు తెచ్చారు. కొత్త తరం దాన్ని కళ్లారా చూసింది, అది మంచిదే. మన దగ్గర పాత సినిమాల 4కే విడుదలలు ఇప్పుడు పండగలా సాగుతున్నాయి. వాటిని తయారుచేస్తున్న నిర్మాతలకూ ల్యాబులకూ నాదొక విన్నపం. కొత్త కూర్పుతో పాటు పాతదాన్ని కూడా ఇవ్వండి. తీసినప్పటి ఫ్రేము, అప్పటి మోనో ట్రాక్, మొదటి విడుదల నాటి నిడివి. దేన్ని మార్చారో, దేన్ని తీసేశారో డిస్కు అట్ట మీదో ఓటీటీ పేజీలోనో రెండు వాక్యాల్లో రాయండి. చూసేవాళ్లు కూడా ఆ రెండు వాక్యాలు ఎక్కడున్నాయని అడగండి.