అరగలేదు, అచ్చు నిండలేదు

వెండి డాలర్లు సేకరించేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటుంది: "ఈ 1921 పీస్ డాలర్ మీద స్వేచ్ఛాదేవి జుట్టు చెవి దగ్గర చదునుగా ఉందేంటి, అరిగిపోయిందా?" వెంటనే అవుననకూడదు. ముందు ఆ నాణెం పుట్టిన తీరు తెలియాలి.

మొదటి ప్రపంచ యుద్ధానంతర శాంతికి గుర్తుగా దీన్ని రూపొందించిన శిల్పి ఆంథొనీ డి ఫ్రాన్సిసీ. ఆ ముఖానికి ఆయన భార్య టెరెసాయే ఆదర్శం. 1921 డిసెంబర్ చివర్లో ఫిలడెల్ఫియా టంకశాల పది లక్షల పైచిలుకు నాణేలు కొట్టింది. నేపథ్యం మీంచి బొమ్మ బాగా ఉబికి ఉంటుంది. హై రిలీఫ్ అంటే ఇదే.

అచ్చు ఎంత లోతైతే నాణెం మీద బొమ్మ అంత ఎత్తు. ఆ లోతంతా వెండి నిండాలి. నాణెంగా మారాల్సిన బిళ్లేమో 26.73 గ్రాములే. పైగా బొమ్మ వైపు జుట్టు, బొరుసు వైపు గద్ద రెక్క, రెండూ మధ్యలోనే ఎత్తు. ఒక్క దెబ్బకు లోహం ఒకే చోటు నుంచి రెండు దిక్కులా పారాలి. అది సాధ్యంకాక మధ్యలో గీతలు మొద్దుబారాయి, అచ్చులు త్వరగా పగిలాయి. పతకాన్నైతే పదేపదే కొట్టి పూర్తి చేయవచ్చు. లక్షల్లో కావలసిన నాణేనికి ఆ తీరిక లేదు. 1922లో చీఫ్ ఎన్‌గ్రేవర్ జార్జ్ మోర్గన్ ఎత్తు తగ్గించాడు.

మరి అరుగుదలను ఎలా పట్టుకోవాలి? ఒకే దీపం కింద నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పండి. చెంప మీద, బొమ్మ చుట్టూ ఉన్న నేపథ్యంలో పుట్టినప్పటి మెరుపు తెగకుండా కదులుతూ జుట్టు మాత్రమే మొద్దుగా ఉంటే, అక్కడ లోహం అచ్చులోకి చేరలేదన్నమాట. బిళ్ల మీద ముందునుంచీ ఉన్న గరుకు కూడా అక్కడే మిగిలి ఉండొచ్చు. చెంప ఎత్తుల మీద మెరుపు చచ్చి బూడిదరంగు తేలితే అది చేతులు మారిన నాణెం.

జుట్టు పాయలు స్పష్టంగా దిగిన 1921 నాణేనికి ఎక్కువ ధర ఇవ్వడం న్యాయమే. కానీ మధ్యలో మొద్దుగా ఉన్నదాన్ని వాడిన నాణెంగా లెక్కగట్టడం అన్యాయం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ముందు 1922 డాలర్ ఒకటి కొనండి. ఆ ఏడు 8 కోట్లకు పైగా కొట్టారు, తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని 1921 నాణేన్ని చూస్తే, శిల్పి ఏం కోరాడో, యంత్రం ఎంతవరకు ఇవ్వగలిగిందో మీ కళ్లే చెబుతాయి.