సర్వే నంబరూ, చెరగని ఆబ్జెక్టూ

సాధారణ ప్రోగ్రామింగ్ భాషలో ఆబ్జెక్టు, అంటే కొంత సమాచారాన్నీ దానిపై చేయదగిన పనులనూ ఒక్కటిగా కూర్చిన రూపం, ప్రోగ్రాము ఆగగానే మెమరీలోంచి పోతుంది. దాన్ని నిలుపుకోవాలంటే డేటాబేసులోకి దించడం, మళ్లీ ఎక్కించడం అనే చాకిరీ ప్రోగ్రామరు మీదే పడుతుంది. కోడులో దాదాపు 30 శాతం ఆ చాకిరీకే పోతోందని 1983లో మాల్కమ్ అట్కిన్సన్ బృందం రాసింది. స్కాట్లండులో వారు రూపొందించిన పీఎస్-ఆల్గాల్ భాషలో, మూలమని ఎంచుకున్న చోటునుంచి దారి ఉన్న ప్రతి ఆబ్జెక్టునూ డిస్కులో నిలిపే పూచీ భాషదే.

ఇటువంటి భాషను తలపెట్టేవారు కర్నూలు, కడప జిల్లాల భూమి లెక్కలను ఓపికగా చదవాలి. 1800లో ఈ ప్రాంతమున్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరు థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, రైతువారీగా శిస్తు కట్టాడు. తర్వాతి సర్వేలు పొలానికి ఇచ్చిన నంబరు పట్టాదారు మారినా, జొన్న పోయి శనగ వచ్చినా మారలేదు. భాగాలు పంచుకున్నా 112-1, 112-2 అని మూలాన్ని చెబుతూనే వచ్చింది. లోపలి విలువలన్నీ మారినా మారని ఈ గుర్తింపునే ఐడెంటిటీ అంటారు, భాష మొదట కాపాడవలసింది దీన్నే.

కాపాడకపోతే ఏమవుతుందో చూడండి. అన్నదమ్ముల రెండు పొలాలకు నీరు ఒకే బోరుది. పొలాలను రెండు ఫైళ్లలో విడివిడిగా భద్రపరచి తిరిగి తెరిస్తే మెమరీలో రెండు బోర్లు తేలతాయి, ఒకదానిలో నీరు అడుగంటినా రెండోది నిండుగానే కనిపిస్తుంది. ఆబ్జెక్టులోని విలువలను మాత్రమే దాచి, సంబంధాలను వదిలేసే ఏ పద్ధతికైనా ఈ ప్రమాదం తప్పదు.

అంతకంటే కష్టమైనది క్లాసు మారడం. క్లాసంటే ఆబ్జెక్టులకు అచ్చు. గ్రామ సాగు లెక్కల పుస్తకమైన అడంగల్లో కొత్త గడి చేర్చినట్టు అచ్చును మార్చితే, పాత అచ్చులో పుట్టి డిస్కులో ఉన్న లక్షల ఆబ్జెక్టుల గతేమిటి? అన్నిటినీ ఒకేసారి మార్చడానికి పని ఆపాలి. కాబట్టి ప్రతి ఆబ్జెక్టూ తన అచ్చు ఎన్నవదో గుర్తుంచుకుని, మొదటిసారి తాకినప్పుడు కొత్త రూపానికి మారడం మేలు. అయితే పాత రూపాన్ని చెరపరాదు; ప్రభుత్వ భూమా, పట్టా భూమా అన్న తగవు వస్తే నేటికీ తెరవవలసింది భూమి శిస్తును తిరిగి నిర్ణయించినప్పటి పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరునే.