సీటు మనది, ఓటు ఎవరిది?

అమెరికా నల్లవాళ్ల ఓటు పోరాటం అంటే మనవాళ్లకు 1965 నాటి ఓటు హక్కుల చట్టమే గుర్తొస్తుంది. ఓటు వచ్చింది, కథ ముగిసింది అనుకుంటాం. నిజానికి వేసిన ఓటును పనికిరాకుండా చేసే విద్య అప్పటికే అక్కడ బాగా ముదిరింది. దాన్ని చూడాలంటే వాషింగ్టన్ కాదు, అలబామా రాష్ట్రంలోని కౌంటీలు చూడాలి. కౌంటీ మన జిల్లా లాంటిది. దాని పాలకమండలి కౌంటీ కమిషన్. రోడ్లు, బడ్జెట్టు దాని చేతిలో ఉంటాయి. ఏ పేటకు రోడ్డు పడాలి, ఏ పేట బురదలో ఉండాలి అన్నది అక్కడే తేలుతుంది.

పద్ధతి చూడ్డానికి ఎంతో సమానంగా ఉండేది. కౌంటీ అంతా ఒకే నియోజకవర్గం. అన్ని సీట్లకూ అందరూ ఓటెయ్యొచ్చు. నూటికి ఎనభైమంది తెల్లవాళ్లు ఒక్కమాట మీద ఉంటే వాళ్లకొచ్చేది ఎనభై శాతం సీట్లు కాదు, మొత్తం సీట్లు. నల్లవాళ్లు దీనికో ఉపాయం పట్టారు: మిగతా ఓట్లు వదిలేసి తమ మనిషి ఒక్కడికే వెయ్యడం. వెంటనే 1951లో అలబామా శాసనసభ, ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లూ వెయ్యాల్సిందేనని చట్టం చేసింది. 1961లో సీట్లకు నెంబర్లు పెట్టి ఒక్కోదానికి విడిగా పోటీ పెట్టించింది. ఇలాంటి చట్టాల వెనక నల్లవాళ్లను ఓడించాలన్న ఉద్దేశమే ఉందని 1986లో క్రెన్‌షా కౌంటీ కేసులో ఫెడరల్ జడ్జి మైరన్ థాంప్సన్ తేల్చాడు.

మరి న్యాయమైన పద్ధతి ఏది? కౌంటీని ముక్కలు చేసి, ఒక ముక్కలో నల్లవాళ్లు మెజారిటీ అయ్యేలా గీత గియ్యడం మొదటి జవాబు. చాలా కౌంటీల్లో నల్లవాళ్లు కమిషన్ మెట్లెక్కింది దీనివల్లే, కాదనలేం. కానీ ఆ 1986లోనే సుప్రీంకోర్టు జింగిల్స్ కేసులో ఒక షరతు పెట్టింది. మెజారిటీ కాగలిగినంతమంది ఒకేచోట గుంపుగా బతుకుతుంటేనే ఇలాంటి నియోజకవర్గం అడగాలట. అంటే వెలివేసిన పేటలోనే ఉంటే సీటు, చెదిరి నలుగురిలో కలిసి బతికితే సీటు లేదు! ఈ కొలబద్దను మన దగ్గరకు తెచ్చి చూడండి. ఊరూరా మాలవాడ, మాదిగవాడ ఉన్నాయి. వెలి సంపూర్ణంగా ఉంది, మెజారిటీ మాత్రం ఎక్కడో తప్ప లేదు. గీతలు ఎంత నిజాయితీగా గీసినా మనకు దక్కేది సున్నా.

రెండో జవాబు చిల్టన్ కౌంటీలో వచ్చింది. అక్కడ నల్లవాళ్లు సుమారు 12 శాతం, అదీ చెదిరి ఉన్నారు. కోర్టు రాజీలో భాగంగా 1988లో ఏడుగురు సభ్యుల కమిషన్‌కు క్యుములేటివ్ ఓటింగ్ పెట్టారు. దీన్ని పోగు ఓటు అందాం. మనిషికి ఏడు ఓట్లు. ఏడుగురికి తలా ఒకటి వేసుకోవచ్చు, ఏడూ ఒక్కడికే గుమ్మరించవచ్చు. ఆ ఏడాదే బాబీ ఏగీ అనే నల్లజాతి అభ్యర్థి గెలిచాడు. లెక్క తేలిక: ఏడు సీట్లుంటే ఎనిమిదో వంతు కంటే ఎక్కువమంది కట్టుగా ఉంటే ఒక సీటును ఎవరూ ఆపలేరు. నల్లవాళ్లు ఆ గీతకు కాస్త కిందే ఉన్నారు. కానీ తెల్లవాళ్ల ఓట్లు చీలాయి, వీళ్లవి చీలలేదు.

ఈ పద్ధతిని సిద్ధాంతంగా నిలబెట్టిన లాయరు లానీ గ్వినీర్‌ను 1993లో క్లింటన్ పౌరహక్కుల విభాగానికి నామినేట్ చేసి, గోల లేవగానే వెనక్కి తీసుకున్నాడు. పత్రికలు ఆమెను ‘కోటా మహారాణి’ అని గేలి చేశాయి. విచిత్రం ఏమంటే పోగు ఓటులో కోటాయే లేదు! జాతి పేరెత్తకుండా, ఎవరి గుంపు ఏదో ఓటరే తేల్చుకుంటాడన్నదే ఆమె వాదన.

నా పేచీ సరిగ్గా ఇక్కడే. కోటా లేకుండా పోగు ఓటు ఒక్కటే మనకు చాలదు. రెండు సీట్ల నియోజకవర్గంలో హామీగా గెలవాలంటే మూడో వంతు ఓట్లు దాటాలి, మనకు అన్ని లేవు. అలాగని పోగు ఓటు లేని కోటా ఏం చేసింది? పూనా ఒడంబడిక 1932లో సీట్లు ఇచ్చింది, గెలిపించే ఓటును మాత్రం సవర్ణ మెజారిటీ చేతుల్లో పెట్టింది. అంబేద్కర్ అందుకే పోగు ఓటు కావాలని పట్టుబట్టారు. సవర్ణులు తమలో తాము పోటీపడి జనరల్ అభ్యర్థులకు ఓట్లు గుమ్మరించుకుంటే, రిజర్వుడు సీటు దళితుల ఓటుతో తేలే వీలుంటుంది. 1937లో బొంబాయి రాష్ట్రంలో ఈ పద్ధతి నడిచింది, ఆయన గెలిచారు. 1951 నాటి ఎన్నికల చట్టం ద్విసభ్య నియోజకవర్గాల్లో ఒక అభ్యర్థికి ఒక్క ఓటే అని కట్టడి చేసింది. ఆ కట్టడి కింద జరిగిన 1952 ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో ఆయన ఓడారు. ఓటమికి పద్ధతి ఒక్కటే కారణమని అనను. ఆయుధం చేతిలోంచి జారిందన్నది మాత్రం నిజం.

మన పార్వతీపురం సంగతి ఇంకో పాఠం. 1957లో ఆ ద్విసభ్య లోక్‌సభ స్థానంలో ఇద్దరూ గిరిజనులే గెలిచారు, వి.వి. గిరి ఓడారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1959లో ఆ గెలుపే నిలబడింది. 1961లో ద్విసభ్య స్థానాలనే రద్దు చేశారు. కారణాలు చాలా చెబుతారు, వరస మాత్రం గమనించండి.

పోనీ, గెలిచాక? అలబామాలోనే ఎటోవా కౌంటీలో 1986లో నల్లజాతి కమిషనర్ వచ్చాడు. అంతకుముందు ఏ కమిషనర్ ప్రాంతం రోడ్ల డబ్బు ఆ కమిషనర్ చేతిలో ఉండేది. 1987లో దాన్నంతా ఉమ్మడి నిధిలో కలిపేశారు. ఇది ఓటుకు సంబంధించిన మార్పు కాదు పొమ్మంది 1992లో సుప్రీంకోర్టు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ చెక్ పవర్ పెట్టింది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది, ఉపసర్పంచ్‌కు లేదు. సంతకం కోసం దళిత సర్పంచ్ ఎవరి గడప తొక్కాలో చెప్పక్కర్లేదు.

కాబట్టి జిల్లా పరిషత్తుల్లో మనకెన్ని సీట్లు అన్న లెక్కతో ఆగితే కుదరదు. బహుళ సభ్యుల నియోజకవర్గాలు, వాటిలో రిజర్వేషన్, దానితోపాటు పోగు ఓటు: ఈ మూడూ కలిపి అడగాలి. గెలిచినవాడి సంతకానికి కాపలా నాలుగోది. గ్వినీర్ మొదటిదానికీ మూడోదానికీ లెక్క చెప్పింది. రెండోది అంబేద్కర్ లెక్క. నాలుగోదానికి లెక్క మన సంఘాలే రాసుకోవాలి.